వేసవి శిబిరములు - బిడ్డల సంరక్షణము

ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములయందు ఏప్రిలు చివరివారమున మూయబడిన బడులు జూను రెండవ వారమునగాని తెఱవబడవు. ఇంచుమించుగా ఏడువారముల కాలము. పూర్వము ఈ దినములు అమ్మమ్మగారింటను, మామిడితోటలలోను, చెఱువుగట్లమీదను గడచిపోవుచుండెడివి. పిల్లవాఁడు ఎటుపోయినను పినతల్లియో, మేనమామయో, పొరుగింటి ముసలమ్మయో కనిపెట్టుచునే యుండెడివారు. నేఁడు కుటుంబములు చిన్నవైనవి. తల్లియు ఉద్యోగమునకుఁ బోవుచున్నది. పట్టణములలో వీథి బండ్లపాలైనది. ఈ లోటును బూరించుటకే వేసవి శిబిరములు పుట్టినవి. చిత్రలేఖనము, నాట్యము, చదరంగము, కరాటే, ఈఁత మున్నగునవి యందు నేర్పుచున్నారు. వీనిని మేము నిందింపఁబోము. బిడ్డను శిబిరమునకుఁ బంపిన తల్లిని సోమరియనువారి మాట మాకు సమ్మతము కాదు.

పిల్లలను గుంపుగాఁ జేర్చి వినోదముతో విద్య గఱపుట మన దేశమునకుఁ గ్రొత్తయుఁ గాదు. న్యాయపతి రాఘవరావుగారును, వారి భార్య కామేశ్వరిగారును మదరాసు రేడియోలో అన్నయ్యయు అక్కయ్యయునై తెలుగు పిల్లలకు ఆటపాటలు నేర్పిరి. 1945లో వారికొఱకు 'బాల' యను పత్రికను నెలకొల్పిరి. వారిని పిల్లలు సారుగారనియు టీచరుగారనియుఁ బిలువక అన్నయ్య, అక్కయ్య యని పిలుచుటలోనే సంరక్షణ మనఁగా నేమో తెలియుచున్నది.

మన భాగవతమున దశమస్కంధము నెఱుఁగని యిల్లాలు లేదు. గోపబాలురు చల్దిమూటలు గట్టుకొని, లేఁగలను దోలుకొని యడవికిఁ బోయిరి. అచట నోరు దెఱచికొని పడియున్న అఘాసురుని జూచి, అది కొండగుహ యని తలంచి, నవ్వుచుఁ గేరుచు ఆ కొండచిలువ నోటఁ బ్రవేశించిరి. వారు మూఢులు కారు, పిల్లలు. గుహకును పాము నోటికిని గల భేదము పిల్లలకుఁ దెలియదు గనుకనే వెంట నొకఁడు మెలఁకువతో నుండవలసి వచ్చెను. శిబిరముల విషయమున మేము చెప్పఁదలఁచినదంతయు ఈ కథలోనే యున్నది.

మావారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. కడచిన వేసవిలో వారికి శిక్షణతరగతులు తటస్థించుటచే, ఎనిమిదేండ్ల మా చిన్నవానిని మా పట్టణములోని యొక శిబిరమునఁ జేర్చితిమి. గోడలనిండ రంగుబొమ్మలు, వాకిట బెలూనులు. మొదటి దినమున మేము నింపి పంపిన నీళ్లసీసా నింపినట్లే తిరిగివచ్చెను. రెండవనాఁడును అంతే. వాని పెదవు లెండియుండెను. మూత్రము మంటగానున్నదని రాత్రి యేడ్చెను. దగ్గఱఁ దీసికొని బుజ్జగించి యడుగఁగా, "నీళ్లు తాగితే ఒంటికి వెళ్లాలి కదమ్మా. అడిగితే అక్కయ్య అందఱి ముందూ కసురుతుంది" అనెను.

మఱునాఁటి యుదయమున మేమే వెళ్లి యొక గంటసేపు అచటఁ గూర్చుంటిమి. నలువదిమంది పిల్లలు. వారి నందఱిని జూచుటకు ఇంటరు ముగించిన యొక చిన్నది. రెండునెలల కొఱకుఁ గుదుర్చుకొన్నది. మరుగుదొడ్డి ఇంటి వెనుక దూరముగా నున్నది; ఒక్కటియే. ఆమెను మెల్లగాఁ బ్రక్కకుఁ బిలిచి యడిగితిమి. "ఒక్కణ్ణి తీసుకువెళ్తే మిగిలినవాళ్లను ఎవరు చూస్తారండీ?" అని కన్నుల నీరు పెట్టుకొన్నది. ఆ పిల్ల చెడ్డది కాదు. నలువదిమందిని ఒక్కతె చేతఁ బెట్టిన యజమానుని లెక్కయే చెడ్డది. ఆయనకు మా మాట చెప్పఁగా, "మీవాఁడు బొమ్మలు బాగా వేస్తున్నాడమ్మా, చూడండి" అని కాగితములు చూపెను. "వాఁడు మూడు దినములనుండి నీరు త్రాగలేదు, ఆ సంగతి తమకుఁ దెలియునా?" అని యడిగితిమి. ఆయన బదులు చెప్పలేదు. వానిని వెంటనే యింటికిఁ దీసికొనివచ్చి, వైద్యునకుఁ జూపితిమి. నాలుగు దినములలో నెమ్మదించెను.

పిమ్మట మా పేటలోనే, ఉద్యోగము విరమించిన యొక పంతులమ్మగారు బడి వరండాలో ఇరువదిమంది పిల్లలను జేర్చుకొన్నారని విని అటఁ బంపితిమి. ఆమెకుఁ దోడు మఱియిద్దఱు స్త్రీలు. బెలూనులు లేవు, చివర నిచ్చు యోగ్యతాపత్రము లేదు. మూలనొక మట్టికుండ, గోడకొక గడియారము. అరగంట కొకసారి పాట యాపి పిల్లలందఱును నీరు త్రాగవలయును. దొడ్డికి ఇద్దఱిద్దఱు చొప్పున నొక పెద్దమనిషి వెంటఁ బోవలయును. పదునొకండు గంటలకు ముందే ఎవరి బిడ్డను వారి చేతికే యప్పగించి, పుస్తకమున సంతకము చేయించుకొందురు. ఒకనాఁడు మా పొరుగింటి కుఱ్ఱవాఁడు వానిని గొనిరాఁబోఁగా, పుస్తకములో అతని పేరు లేదని పంతులమ్మగారు పంపలేదు. కొందఱు తల్లులు ఇది చాదస్తమనిరి. మాకు మాత్రము ఆమెయందు గౌరవము హెచ్చెను.

ఈ రెండుచోట్లను జూచిన పిదప మాకుఁ దోఁచినదేమన, శిబిరమును గొలువవలసినది అందు నేర్పు విద్యలనుబట్టి కాదు, బిడ్డ దేహము నెవరు కనిపెట్టుచున్నారనుదానిని బట్టి. మన వేసవి సామాన్యమైనది కాదు. 2015వ సంవత్సరపు మే నెలలో ఈ రెండు రాష్ట్రములయందును వడగాడ్పులచే వేయిమందికిఁ బైగా మరణించిరి. అట్టి యెండలో నీరు త్రాగని బిడ్డకు ఏ నాట్యమును రక్ష కాదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రాథమిక పాఠశాలలో ముప్పదిమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుఁ డుండవలెనని నిర్ణయించినది. శిబిరము పాఠశాల కాకపోయినను, ఆటలును పరుగులును గల చోట అంతకంటె నెక్కువమంది పెద్దలు వలయునేగాని తక్కువమంది చాలుదురా?

కావునఁ జేర్చుటకు ముందు ఈ మాటలు సంకోచింపక యడుగవలయును. ఎందఱు పిల్లలకు ఎందఱు పెద్దలు? వారు ఎవరు, మునుపు ఎచటఁ బనిచేసిరి? నీరును మరుగుదొడ్డియు ఎచట? వాని నొక్కసారి మన కన్నులతోఁ జూడనిత్తురా? దెబ్బ తగిలిన నేమి చేయుదురు? ఈఁత నేర్పుచో పిల్లలు నీటనున్నంతసేపు వేఱుపని లేక వారినే చూచుచుండు మనుష్యుఁ డున్నాఁడా? బిడ్డను ఎవరి చేతి కప్పగింతురు? తల్లి చెప్పకయే వచ్చి చూచిన ననుమతింతురా? ఈ చివరి ప్రశ్నకు ముఖము చిట్లించు శిబిరమున బిడ్డను విడువరాదు.

చెప్పుటకు నోరురాని మాట యొకటి కలదు. కాని చెప్పక తప్పదు. ఎవఱైనను బిడ్డను అనుచితముగాఁ దాఁకినచో దాఁచిపెట్టుట పరువు కాదు, నేరము. 2012వ సంవత్సరపు పోక్సో చట్టము ప్రకారము అట్టి సంగతి యెఱిఁగిన ప్రతివారును పోలీసులకుఁ దెలుపవలసినదే. ఆపదలోనున్న బిడ్డలకొఱకు 1098 అను టెలిఫోను సంఖ్య రేయుంబగలు పనిచేయుచున్నది. దానికి రుసుము లేదు. ఈ సంఖ్యను వంటయింటి గోడమీఁద వ్రాసి యుంచుకొనుఁడు.

మఱియొక మనవి. తక్కువ రుసుమని మనము సంతోషించుచోట ఒక సహాయకురాలి జీతము తగ్గియుండవచ్చును. ఇంకొక మనిషిని నియమింపుఁడని తల్లులు పదిమంది కలిసి యడిగి, దానికైన వ్యయమును పంచుకొన్నచో ఒక్కొక్కరికి భారము స్వల్పము. ఆ పదునెనిమిదేండ్ల పిల్లయు ఒక తల్లి బిడ్డయే. ఆమెకు మోయలేని బరువు మోపి, ఆమె మన బిడ్డలను ప్రేమింపవలెనని కోరుట న్యాయము కాదు.

బిడ్డ యింటికి వచ్చినప్పుడు "ఈ రోజేమి నేర్చుకొన్నావు?" అని యడుగుట మనకు వాడుక. దానితోఁగూడ "నీళ్లు త్రాగినావా? నిన్నెవరైన కసరినారా? ఎవరితో నాడుకొన్నావు?" అని యడిగి, వాఁడు చెప్పునది తుదివఱకు వినుఁడని మా సోదరీమణులను వేఁడుకొనుచున్నాము.