దొంగల చరిత్రము పిల్లలు చదువవచ్చునా?

పిల్లలచేత మహాపురుషుల చరిత్రములనే చదివింపవలెనని పెక్కండ్రు తలంతురు. అమెరికా రచయిత్రి కారెన్ బ్లూమెంథాల్ 2018లో బోనీ పార్కర్, క్లైడ్ బారో అను బందిపోటుల చరిత్రమును యువపాఠకులకై ప్రకటించెను. అట్టి గ్రంథమును పాఠశాల బీరువాలో నుంచవచ్చునా యని కొందఱు తలిదండ్రులు మమ్మడిగిరి. ఉంచవచ్చుననియే మా యభిప్రాయము. వారి కథను పిల్లలు మనము చెప్పకున్నను విందురు. 1967లో వెలువడిన చలనచిత్రము ఆ యిరువురను లోకమునకు మనోహరముగా జూపియే యున్నది. నిజమును దాచినచో అందమైన యబద్ధమే వారికి మిగులును.

నిజమేమి? క్లైడు తలిదండ్రులు కౌలుసేద్యము గిట్టక టెక్సాసులోని డల్లసు పట్టణమునకు వలసవచ్చి, కొన్నాళ్లు తమ బండిక్రిందనే తలదాచుకొనిరి. బోనీ బడిలో చుఱుకైన బాలిక, పద్యములల్లెడిది. కారాగారపు పొలములలోని చాకిరి తప్పించుకొనుటకై క్లైడు 1932లో తన కాలివ్రేళ్లు రెండు నఱికించుకొనెను. అతడు విడుదలయగునప్పటికి దేశమంతట ఆర్థికమాంద్యము, నిరుద్యోగము. ఇవి చదివి జాలిపడని వారుండరు. కాని ఆ పేటలోనే ఆ దారిద్ర్యమునే యనుభవించియు, ఎవ్వరి ప్రాణమును దీయక బ్రతికినవారు వేలకొలది గలరు. కారణము వేఱు, సమర్థన వేఱు. ఈ భేదమును బాలురకు దెలుపుటకు ఇంతకంటె దగిన పాఠము లేదు.

1933 ఏప్రిలులో మిస్సోరి రాష్ట్రమందలి జాప్లినులో రక్షకభటులు వీరి బసపై బడగా, భటులిరువురు హతులైరి, దొంగలు పాఱిపోయిరి. వారు విడిచిన ఛాయాచిత్రములను వార్తాపత్రికలు ప్రకటించెను. నోట చుట్ట, చేత తుపాకి గల బోనీ దేశమంతట బ్రసిద్ధురాలయ్యెను. చచ్చిన భటుల ముఖములనెవ్వరు జ్ఞాపకముంచుకొనిరి? 1934 ఏప్రిల్ 1న, ఈస్టరు పండుగనాడు, గ్రేపువైను చేరువ మఱియిరువురు యువభటులు కూలిరి. అందొకనికి వివాహము నిశ్చయమై యుండెను. ఆ మే 23న లూసియానాలో ఆఱుగురు భటులు పొంచియుండి ఈ జంటను గాల్చి చంపిరి. బోనీకప్పుడు 23 ఏండ్లు.

మన యిండ్లలో వాల్మీకి పూర్వకథ వినని బిడ్డ లేడు. దారిదోపిడిచేయు బోయను ఋషులడిగినది యొక్కటే: నీ పాపములో నీవారు పాలుపంచుకొందురా? ఇంటివారు వలదనిరి, బోయకు కనువిప్పయ్యెను. డల్లసులో ఆ ప్రశ్న వేయువారు లేకపోయిరి. 1935లో ఆ జంటకు ఆశ్రయమిచ్చిన నేరమునకై సుమారు 20 మంది బంధుమిత్రులు విచారణకు గుఱికాగా, ఇరువురి తల్లులకును 30 దినముల చెఱ విధింపబడెను. పాపము బిడ్డలది, శిక్షలో పాలు కన్నతల్లులది.

కావున తలిదండ్రులారా, ఇట్టి గ్రంథమును పిల్లలతో గూడ మీరును జదువుడు. ముగిసిన పిమ్మట, ‘ఇందు జచ్చినవారెవరు?’ అని యడుగుడు. బోనీ, క్లైడు అని మాత్రమే చెప్పినచో మఱల జదివింపుడు.