గుండుగాడి మడమ

గినీ పిగ్ పందీ కాదు, గినీ దేశం నించి వచ్చిందీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మనుషులు వేల ఏళ్ళ కిందట మచ్చిక చేసుకున్న జీవి. పెరూ దేశంలో ఇప్పటికీ దాన్ని వండుకు తింటారు. ఈ మాట మా మనవరాలి చెవిన పడకుండా నేనూ, మావారూ జాగ్రత్తగా కాపాడుకొస్తున్నాం.

మా పై వాటావాళ్ళు బదిలీ అయి వెళ్తూ, ఇనపతీగెల బోనుతో సహా రెండింటిని పిల్ల చేతిలో పెట్టి వెళ్ళారు. పెద్దవాడు గుండు, చిన్నవాడు చిట్టి. "గుండు ఎంత బుద్ధిమంతుడో! కదలడు, మెదలడు" అని మెచ్చుకుని మరీ వెళ్ళారు.

పదిరోజులు తిరక్కుండానే చిట్టి కాలికి ఏదో మొలిచిందని పిల్ల గగ్గోలు పెట్టింది. చూద్దును గదా, ముందు పాదం అంచున గోరూ కాని, వేలూ కాని పెచ్చొకటి, ఎండిన చింతతొక్కలా పక్కకు పొడుచుకొచ్చి ఉంది. పులిపిరి అన్నారు మావారు. గుర్రపు వెంట్రుక బిగించి కడితే అదే రాలిపోతుందన్నారు పక్కింటి పిన్నిగారు. ఆవిడ దగ్గర గుర్రపు వెంట్రుక లేకపోవడం చిట్టిగాడి అదృష్టం. "అమ్మమ్మా, చచ్చిపోతాడా?" అంటూ పిల్ల ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇహ తప్పదని పశువుల డాక్టరు దగ్గరకు బయల్దేరాం. ఒంటరిగా అయితే బెదురుతుందని గుండును కూడా బుట్టలో వేశాం. "ఎలుకకు వైద్యం, పైగా తోడుపెళ్ళికొడుకు!" అని మావారు సణిగారు గాని, ఆటో పిలిచింది ఆయనే.

డాక్టరుగారు చిట్టి పాదం చూసి నవ్వేశారు. "మన కాళ్ళకు ఆనెకాయలు కాయవూ? అల్లాంటిదేనమ్మా. మన గోళ్ళు ఏ పదార్థంతో తయారవుతాయో అదే ఇక్కడ పేరుకుంది" అన్నారు. కొన్నింటి తీరే అంతట. గోరువెచ్చని నీళ్ళలో పాదం కాసేపు నానబెట్టి, మెత్తబడ్డాక ఎండిన కొసను మాత్రం గోళ్ళు తీసే కట్టరుతో తీసేశారు. చర్మం దాకా పోతే నెత్తురు కారుతుంది. పోనీ అని వదిలేసినా, గుడ్డలో చిక్కుకుని చీరుకుపోతుంది.

అలవాటుకొద్దీ గుండును కూడా ఎత్తి అరికాళ్ళు చూశారాయన. చూసి నవ్వడం మానేశారు. వెనక మడమలు రెండూ బొచ్చు ఊడి, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఒకదాని మీద నల్లటి చెక్కు కట్టి ఉంది.

"రోగి వీడమ్మా" అన్నారు.

దీన్ని బంబుల్‌ఫుట్ అంటారట. తీగెల మీద నిలబడి నిలబడి చర్మం ఒరుసుకుపోతుంది. తడిసిన పక్క, ఒళ్ళు బరువు, పెరిగిన గోళ్ళు తోడైతే ఆ ఒరుపులోంచి సూక్ష్మజీవులు లోపల చేరతాయి. ముదిరితే ఎముక దాకా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. పెద్ద జంతువుల నోట పడే జాతి గనక ఇవి నొప్పిని పైకి కనబడనివ్వవు. గుండు బుద్ధిమంతుడెందుకయ్యాడో అప్పుడు తెలిసింది మాకు.

"నా పంటినొప్పికి వాడగా మిగిలిన అమాక్సిసిల్లిన్ ఉంది, చిటికెడు పొడిచేసి వెయ్యమంటారా?" అని అడిగారు మావారు. డాక్టరుగారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు. పెన్సిలిన్ జాతి మందు నోట్లో వేస్తే దీని పేగుల్లో గడ్డి అరిగించే మంచి క్రిములు నశించి, చెడ్డవి పెరిగి, జంతువే పోతుందట. వేరే మందు రాసిచ్చారు. ఉప్పునీళ్ళతో కడిగి తుడవడం, తీగెల అడుగు తీసేసి పాత తువాళ్ళు పరిచి రోజూ మార్చడం నా వంతు.

ఇహ తిండి. సి విటమిన్ లేకపోతే దీని పుళ్ళు మానవు, పైగా అది మనలాగే ఆ విటమిన్ను ఒంట్లో తయారుచేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు పరిశోధకులు బెరిబెరి కోసమని గినీ పిగ్‌లకు ఒట్టి ధాన్యం, రొట్టె పెడితే, వచ్చింది స్కర్వీ! అది తిండి లోపంవల్ల వచ్చే జబ్బని అల్లా రుజువైంది. ఎలుకకు ఆ బెడద లేదు, సి విటమిన్ తానే చేసుకుంటుంది. ఆ లెక్కన ఈ జీవి ఎలుకకన్నా మావారికే దగ్గర చుట్టం. ఈ మాట ఆయనతో అన్నాను కూడా. ఆనాటినించి ఎలుక అనడం మానేశారు. రోజూ ఎండుగడ్డితోపాటు నాలుగు కాప్సికం ముక్కలు, కాస్త కొత్తిమీర పెడుతున్నాం.

నెలకోసారి గోళ్ళు తీయడం మా ముగ్గురి పని. ముందు పాదాలకు నాలుగేసి, వెనక పాదాలకు మూడేసి, వెరసి ఒక్కొక్కడికి 14. తెల్లగోటిలో రక్తనాళం గులాబిరంగులో కనిపిస్తుంది. నల్లగోటికి వెనకనించి మావారు టార్చి పడతారు. పిల్ల కొత్తిమీర కాడ అందిస్తూ మాయచేస్తుంది. నెత్తురు చుక్క పొడిస్తే అద్దడానికి మొక్కజొన్నపిండి పక్కనే ఉంచుకుంటాను.

గుండు మడమ చెక్కు రాలడానికి రెండు నెలలు పట్టింది. అక్కడ బొచ్చు మాత్రం మొలవలేదు. మొన్న కొత్తిమీర కట్ట విప్పుతున్న చప్పుడికి వాడు ఆ మూలనించి పరుగెత్తుకొచ్చి, చిట్టిని తోసేసి, వాడి వాటా కూడా తినేశాడు. "చూశావా అమ్మమ్మా, అల్లరి!" అంది పిల్ల, మురిసిపోతూ.