గునుగూ, సీతజడా ఒక్క తల్లి బిడ్డలే

2024లో పెత్రమాసకు రెండు రోజుల ముందు మా అన్నయ్య కూతురు అమెరికా నుంచి ఫోన్‌లో ఒక ఫోటో పంపింది. ఎండకాలంలో కొండల మీదికి తిరగడానికి పోయినప్పుడు తీసిందట. బూడిద రంగు పొదల నడుమ ఎర్రెర్రని పూలు నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క పువ్వూ రంగులో ముంచి తీసిన కుంచెలా ఉంది. కింద "అత్తమ్మా, ఇక్కడ గునుగుకు దేవుడే రంగు అద్ది పెట్టిండు చూడు!" అని రాసింది.

మా కోరుట్ల ఇంటి అరుగు మీద ఇద్దరు ముగ్గురం కూర్చుని పూలు సవరిస్తున్నాం. ఫోటో చేతులు మారింది. "గునుగే! ఆ నిలువు చూడు, ఆ కొస చూడు" అన్నారు పక్కింటివాళ్ళు. నేనూ అదే అన్నాను. మా అమ్మాయి మాత్రం నవ్వింది. అది పొలాస వ్యవసాయ కళాశాలలో చదువుతోంది. ఇంట్లో ఏ ఆకు కనపడినా దాని వంశం చెప్పందే ఊరుకోదు.

"అమ్మా, అది గునుగుకు చుట్టం కూడ కాదు. దాన్ని ఇండియన్ పెయింట్‌బ్రష్ అంటరు. మనకు తంగేడు రాష్ట్ర పువ్వు అయినట్లు, వయోమింగ్ రాష్ట్రానికి 1917 నుంచి అది రాష్ట్ర పువ్వు" అంది. ఇంకా చాలా చెప్పింది. ఆ ఎర్రగా కనిపించేవి అసలు పూరేకులే కావట, రంగు తేలిన ఆకుల్లాంటివట. అసలు పువ్వు సన్నని గొట్టంలా వాటి చాటున దాక్కుంటుందట. చుట్టూ ఉన్న బూడిద రంగు పొదల పేరు సేజ్‌బ్రష్. వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రికి అది చుట్టం. ఈ ఎర్రపువ్వు తన వేళ్ళను ఆ పొద వేళ్ళకు తగిలించి నీళ్ళూ, తిండీ కొంత లాక్కుంటుంది. మన జొన్నచేలో జొన్న వేళ్ళను పట్టుకుని బతికే స్ట్రైగా కలుపు దీని కుటుంబంలోదే.

మా అమ్మ ఒక మాట అంటుండేది, ముఖం చూసి చుట్టరికం కలపొద్దని. నిజమే కదా అనుకున్నాను.

"అయితే మన గునుగుకు చుట్టాలెవరే?" అని అడిగాను ఊరికే.

అది తాంబాలంలోంచి ముదురు ఎరుపు సీతజడ పువ్వొకటి తీసి నా గునుగు కట్ట పక్కన పెట్టింది. "ఇదిగో, సొంత చెల్లె" అంది.

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. పిల్లకు ఏమీ తెలియదు, ఉన్న మాటే చెప్పింది. తగిలింది నాకు.

ఎందుకు తగిలిందో చెప్పాలంటే 2021 సద్దుల నాటి సంగతి చెప్పాలి. మా పుట్టిల్లు జగిత్యాల. మేము ఇద్దరం అక్కచెల్లెళ్ళం. నన్ను కోరుట్ల ఇచ్చారు. మాకు మక్కచేను, పసుపు, కొంచెం వరి ఉన్నాయి. చెల్లెను సిరిసిల్ల ఇచ్చారు. మరిది సాంచాల మీద పని చేస్తాడు. రెండు గదుల కిరాయి ఇల్లు, పైన డాబా. పెళ్ళిళ్ళయినా సద్దుల బతుకమ్మకు ఇద్దరం అమ్మ దగ్గరికే చేరేవాళ్ళం. మా చేను గట్ల మీద కోసిన గునుగు, తంగేడు మూటలు కట్టుకుని నేను పోయేదాన్ని. ఆ మూటలంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ ఏడు చెల్లె సిరిసిల్ల అంగట్లో కొన్న సీతజడ పూలూ, రంగులద్దిన గునుగు కట్టలూ తెచ్చింది. వదిన, చుట్టుపక్కల ఆడవాళ్ళు అందరూ ఉన్నారు. "పైసలు పెట్టి కొన్న షోకు పూలు గివి. వీటితోని పేరిస్తే బతుకమ్మ అయితదా?" అన్నాను. నవ్వులాటకే అన్నాననుకోండి. కానీ నలుగురిలో అన్నాను. చెల్లె ఏమీ అనలేదు. తన పూలు తీసి వసారాలో ఒక మూలన పెట్టింది. సద్ది రెండు ముద్దలు తిని, బతుకమ్మ చెరువుకు కదలకముందే బస్సెక్కి పోయింది.

మరుసటి ఏడు పిలిస్తే "చీరల పని ఎక్కువున్నదక్కా" అంది. 2017 నుంచి 2023 దాకా ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు సిరిసిల్ల సాంచాల మీద నేసినవే. కానీ ఆ చీరలు పండగకు ముందే తయారై పోవాలి. సద్దుల నాటికి పనెక్కడిది? సాకు అని నాకు తెలుసు. అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను. ఆ తర్వాతి ఏడూ అదే మాట. 2024లో ఆ చీరల పంపిణీయే లేదు. సాంచాలు ఆగినయని పేపర్లో చదివాను. అప్పుడు చెల్లె సాకు కూడా చెప్పలేదు, "చూస్తలే" అని ఫోన్ పెట్టేసింది.

ఇక్కడ నా సంగతి ఇంకొకటి దాచకుండా చెప్పాలి. ఆ రోజు నేను సవరిస్తున్న గునుగు మా చేనిది కాదు, కోరుట్ల అంగట్లో కొన్నదే. అంతకుముందు రోజు గంప పట్టుకుని గట్లన్నీ తిరిగాను. గునుగు రైతుకు కలుపే కదా. మెట్ట పంటల్లో మొలుస్తుంది, మక్కలోనూ పసుపులోనూ పత్తిలోనూ. మక్క మొలక దశలోనే మందు కొట్టేశారు. గట్లకు కూడా కొట్టారు. మిగతా చెలకలో వరి పెట్టారు. నీళ్ళు నిలిచే మడిలో గునుగు ఉండదు. వేపచెట్టు మొదట్లో నాలుగంటే నాలుగే కంకులు దొరికాయి. కొన్న పూలని చెల్లెను ఎగతాళి చేసిన నోటితోనే అంగట్లో రెండు కట్టలు బేరమాడాను.

సరే, పువ్వుల దగ్గరికి వద్దాం. మా అమ్మాయి భూతద్దం తెచ్చి రెండింటినీ చూపించింది. మీరు కూడా ఈసారి పూలు సవరించేటప్పుడు చూడండి, భలే సరదాగా ఉంటుంది.

గునుగు కంకి మనం ఒక పువ్వు అనుకుంటాం. అది వందలాది చిన్న పూల గుత్తి. కింద నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి. అందుకే కొస లేత గులాబి రంగులో ఉంటే, ముదిరిన కింది భాగం వెండిలా తెల్లబడుతుంది. శాస్త్రం పేరు సెలోసియా అర్జెంటియా. అర్జెంటియా అంటే వెండిలాంటిది అని. రేకులు పుట్టడమే ఎండు కాగితంలా గరగరలాడుతూ పుడతాయి కాబట్టి కోసినా వాడినట్లు కనపడదు. ఎంగిలిపూల నాడు కోసింది తొమ్మిదో రోజుకు కూడా నిలబడుతుంది. రంగునీళ్ళలో ముంచితే కాగితం పీల్చినట్లు పీల్చేది కూడా అందుకే.

ఇప్పుడు సీతజడ. పట్టుకుచ్చు అంటారు, కోడిజుట్టు అంటారు. చూస్తే మఖమల్ గుడ్డ మడతలు పెట్టినట్లు ఉంటుంది. గునుగుతో ఏం పోలిక అనిపిస్తుంది. కానీ మడత విప్పి అద్దంలో చూస్తే అవే గరగరలాడే చిన్న రేకులు, అవే నల్లని మెరిసే గింజలు! తేడా అంతా కొసలో ఉంది. గునుగు కొస ఒక మొనగా పెరుగుతూ పోతుంది. సీతజడలో ఆ మొన పక్కలకు సాగి, గీతలాగా వెడల్పయి, ముడతలు పడి జుట్టులా తయారవుతుంది. ఎప్పుడో ఇలా వంకర తిరిగిన మొక్కను ఎవరో చూసి ముచ్చటపడి, గింజలు దాచి, తోటల్లో పెంచుకుంటూ వచ్చారు. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఈ రెండింటికీ రెండు పేర్లు పెట్టి వేరు చేశాడు. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది రెండూ ఒకే జాతి, ఒకటి చేలో పెరిగింది, ఒకటి పెరట్లో పెరిగింది, అంతే అని కలిపేశారు.

వీళ్ళ చుట్టాలు మన వంటింట్లోనే ఉన్నారు. తోటకూర, పొన్నగంటి కూర ఆ కుటుంబమే. చీర కుచ్చెళ్ళకు గింజలంటించే ఉత్తరేణి కూడా. గునుగు లేత ఆకును మన ఊళ్ళల్లో పప్పులో వేసుకునేవాళ్ళు. ఆఫ్రికాలో నైజీరియావాళ్ళు దాన్ని షోకో అని పిలిచి కూరగా పండించుకుంటారట. నేను షోకు పూలని వెక్కిరించిన మాట గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు. అమ్మవారికే అలక ఉంటే మా చెల్లెకు ఉండడంలో తప్పేముంది? పొద్దున్నే అమ్మాయిని తీసుకుని సిరిసిల్ల బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి చెల్లె డాబా మీద గునుగుకు రంగులు అద్దుతోంది. నన్ను చూసి లేచింది. "రా అక్కా" అని చాప వేసింది, అంతకంటే ఏమీ అనలేదు. నేనూ కూర్చుని కట్టలు అందించసాగాను. కొంతసేపటికి తనే అంది, తల ఎత్తకుండా.

"నాకు పొలం లేదక్కా. ఉన్నది కూలి. ఆ కూలితోనే కొన్న. ఊళ్ళనుంచి ముసలవ్వలు మూటలు నెత్తిన పెట్టుకొని వస్తరు. వాళ్ళకు ఈ తొమ్మిది రోజులే నాలుగు పైసలు. నువ్వు గట్లల్ల వంగి కోసినట్లే వాళ్ళూ కోసిండ్రు. గది బతుకమ్మ పువ్వు కాదా?"

నేను చాలా మాటలు అనుకుని పోయాను. ఒక్కటీ నోటికి రాలేదు. "ఈసారి నేను కూడ కొన్ననే, మన చేన్ల గునుగు లేదు" అన్నాను. చెల్లె ఒక్కసారి నా ముఖంలోకి చూసి, "ఎంతకిచ్చిండ్రు కట్ట?" అంది. చెప్పాను. "నిన్ను మోసం చేసిండ్రు" అని నవ్వింది. మూడేళ్ళ తర్వాత ఆ నవ్వు చూశాను.

ఆ రోజు రంగులద్దడం తన దగ్గరే నేర్చుకున్నాను. కాడలన్నీ ఒకే పొడవుకు కత్తిరించి, పిడికెడంత కట్టలు దారంతో బిగించాలి. రంగునీళ్ళు చిక్కగా కలిపి కొసలు మాత్రమే ముంచి, బాగా దులిపి, నీడలో ఆరబెట్టాలి. తెల్లది కొంత కనపడితేనే వరసలు తేలతాయి. పసుపు రంగుకు మాత్రం పాకెట్ కొనదు, ఇంట్లో పసుపే కలుపుతుంది.

సద్దుల నాడు జగిత్యాలలో అమ్మ ఇంట్లో అడుగున తంగేడు, దాని మీద నా గునుగు, మధ్యలో చెల్లె సీతజడ, పైన మళ్ళీ రంగుల గునుగు పేర్చాం. కొసన గుమ్మడి పువ్వులో గౌరమ్మ. అమ్మ కళ్ళకు ఇప్పుడు సరిగా ఆనదు. చేత్తో తడిమి చూసి "ఇద్దరు వచ్చిండ్రు, మంచిగున్నది" అంది. పూలను గురించి అన్నదో మమ్మల్ని గురించి అన్నదో నేను అడగలేదు.

నిమజ్జనానికి ముందు నాలుగు గునుగు కంకులు, రెండు సీతజడలు దాచాను. గునుగు కంకిని ఎండబెట్టి కాగితం మీద దులిపితే ఆవగింజ కంటే చిన్న నల్ల గింజలు రాలతాయి. సీతజడకు గింజలు పైన ముడతల్లో కాదు, జుట్టు కింద పక్కలకు ఉన్న చిన్న పూలలో ఉంటాయి. అక్కడ నలపాలి. 2025 తొలకరికి మా ఆయన్ని బతిమాలి గట్టు పొడుగునా మూరెడు వెడల్పు జాగా మందు కొట్టకుండా వదిలించాను. గింజలు లోతుగా పాతలేదు, పైపైన చల్లి మట్టి పలచగా కప్పాను. చెల్లె డాబా మీద పగిలిన రెండు బకెట్లలో అవే గింజలు వేసింది.

ఆ ఏడు బతుకమ్మకు నేను గట్టు మీద సీతజడలు కోసుకొచ్చాను, తను బకెట్లోంచి గునుగు తెచ్చింది. అయినా సరిపోక ముసలవ్వ దగ్గర మరో రెండు కట్టలు కొన్నాం. బేరం ఆడలేదు.