సెంటున్నరలో దొండపాదు

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంచిన ఇళ్ల పట్టాల్లో పల్లెవాళ్లకు వచ్చింది సెంటున్నర, అంటే సుమారు 650 చదరపు అడుగులు. అందులో 340 అడుగుల ఇల్లు లేచాక, మరుగుదొడ్డి, నీళ్లతొట్టి పోను మిగిలే పెరడు నాలుగంగల్లో అయిపోతుంది. కృష్ణపట్నం దగ్గర మా అక్కకు దక్కింది అలాంటిదే. అక్కడ ఏటా విత్తే టమాటా, బెండ వేయాలా, ఒకసారి నాటి ఏళ్లపాటు కోసుకునే దొండ, మునగ, బచ్చలి పెట్టాలా అన్నది వాళ్లింట్లో తెగని పంచాయితీ.

బావది టమాటా పక్షం. మూడు నెలల్లో కాయ కంటపడాలంటాడు. నిజమే గానీ, ఈ ఇసుక నేలా, ఉప్పుగాలీ, మే నెల ఎండా తెలిసినవాళ్లు టమాటాను నమ్ముకోరు. దొండ తీరు వేరు. ఎండలకు తీగ మాడినా లోపల దుంపవేరు చావదు. నాలుగు చినుకులు పడితే మళ్లీ పందిరెక్కుతుంది.

మునగ దగ్గరే నాకూ గుంజాటన. ఇక్కడ అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్లూ అప్పుడే. వేరు దగ్గర నీళ్లు నిలిస్తే మునగ కుళ్లుతుంది, గాలి విసిరితే కొమ్మ పుటుక్కున విరుగుతుంది. మనుషుల్ని మునగచెట్టు ఎక్కించొద్దని పెద్దలు ఊరికే అనలేదు. పైగా సెంటున్నరలో ఎంత దూరంగా నాటినా అది గోడ పక్కనే. తమిళనాడు పెరియకుళం కాలేజీవాళ్లు 1989లో విడుదల చేసిన పీకేఎం-1 రకం మునగ అయితే కొంత నయం. గింజ వేసిన ఆరు నెలలకే కాపుకొస్తుంది, కాపు కాగానే మోకాలు పైకి నరికేస్తే మళ్లీ చిగురేస్తుంది. రుచిలో పాత కొమ్మ మునగే మేలని వాదించేవాళ్లున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు.

అక్క భయం మాత్రం పంట గురించి కాదు, నేల గురించి. 2008లో పోర్టు మొదలైంది, తర్వాత నేలటూరులో థర్మల్ కేంద్రం వచ్చింది, 2020 చివర పారిశ్రామిక నగరానికి కేంద్ర ప్రభుత్వం సరేనంది. భూసేకరణ మాట వింటూ పెరిగిన మనిషి. "రేపు మనం యాడుంటామో, ఏళ్లకేళ్లు కాసే చెట్టెందుకు?" అంటుంది.

దానికి పక్కింటి పెద్దమ్మ, "యాడికి బొయినా ఒక కొమ్మ ఇరిచి సంకన పెట్టుకుపోతే సరిపోయె గదమే!" అనేసింది. నాకు ఆ మాట బాగా నచ్చింది. దొండ, మునగ, బచ్చలి, పొన్నగంటి అన్నీ కొమ్మతో బతికేవే. ఇల్లు మారితే వాటిని వెంట తీసుకుపోవచ్చు. పెట్టిన ఎరువుతో సహా అక్కడే వదిలిపోవాల్సింది టమాటానే.

దొండ తీగ మాత్రం కాపున్న పాదు నుంచే తెచ్చుకోవాలి. గింజ వేస్తే మగ మొక్కలూ వస్తాయి, అవి కాయవు. పెద్దమ్మ పాదుకు కాపుంది. బావకు రెండు సిమెంటు సంచుల్లో టమాటా, మిగతాదంతా పందిరి. గుంజలు మాత్రం అక్టోబరు లోపే పాతాలి, వానలు పట్టాక ఈ ఇసుకలో కర్ర నిలవదు.