కూర్పరము - అభ్యాసము

మోచేతికి సంస్కృతమున కూర్పరమని పేరు. సుశ్రుతాచార్యులు దేహమున గుర్తించిన 107 మర్మస్థానములలో ఇది వైకల్యకర మర్మము. అనగా ఇచ్చట దెబ్బ తగిలిన ప్రాణము నిలుచును గాని, చేయి వంకరపోయి కొరగానిది కావచ్చును.

ఇటిక్యాల మండలమున, బీచుపల్లి ఆంజనేయస్వామిని కొలుచు ఒక గృహస్థునకు మోచేయి విరిగి శస్త్రచికిత్స జరిగినది. ప్లేటు, స్క్రూలు అమర్చిరి, కుట్లు మానినవి. అయినను తీర్థము పుచ్చుకొనుటకు అరచేయి పైకి తిరుగలేదు; సింధూరము ధరింప వ్రేలు నొసటిని చేరలేదు. నమస్కారమునకు మోచేయి ఎంత వంగవలెనో, అది వంగని నాడుగాని ఎవరికిని తెలియదు.

బంధువులలో కొందరు అసలు కదపవద్దనిరి. కొందరు నూనె రాచి గట్టిగా మర్దించి లాగుమనిరి. రెండును అపాయములే. కదలిక లేని మోచేయి కొద్ది వారములలోనే బిగిసిపోవును. బలవంతముగా లాగి మర్దించినచో కండరములోనే ఎముక పెరుగు ప్రమాదము కలదు. దీనిని వైద్యులు మయోసైటిస్ ఆసిఫికన్స్ అందురు. ఫిజియోథెరపీకై ప్రతిదినము గద్వాలకో కర్నూలుకో పోవుట అందరికిని సాధ్యము కాదు. కనుక నిపుణుని వద్ద క్రమము నేర్చుకొని, ఇంటివద్ద తన బలముతోనే, నొప్పి సహింపదగినంతవరకు, పూటపూటకు కొద్దిసేపు వంచి చాచవలెను.

గీత ఆరవ అధ్యాయమున భగవానుడు మనోనిగ్రహమునకు అభ్యాసమును, వైరాగ్యమును జంటగా చెప్పెను. మోచేతికిని ఆ జంటయే కావలెను. నిత్యము చేయవలెను, నేడే ఫలము కావలెనను తొందర విడువవలెను. చేయి పూర్వమువలె పూర్తిగా చాచబడకున్నను దిగులు వలదు. నిత్యకృత్యములలో అధికభాగమునకు సుమారు 30 నుండి 130 డిగ్రీల వంపు చాలునని 1981లో మోరీ బృందము కొలిచి చూపినది.

అయితే అన్నిటిని ప్రారబ్ధమని ఓర్చుకొనరాదు. శస్త్రచికిత్స జరిగిన తొలి దినములలో నొప్పి అంతకంతకు పెరిగినను, వ్రేళ్లు చల్లబడినను, పాలిపోయినను గంటలలోనే కండరము నశింపవచ్చును. చిటికెన వ్రేలు తిమ్మిరెక్కుట నాడికి సంబంధించిన సూచన. గాయము చీము పట్టినను, జ్వరము వచ్చినను ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

అరచేయి విరిగినవానికి సుశ్రుతుడు మొదట మట్టిముద్దను, పిమ్మట ఉప్పుగడ్డను, బలము వచ్చిన తరువాత రాతిని పట్టించుమనెను. మోచేతికిని బరువు చివరి మెట్టే. ఎముక అతికినదని ఎక్స్‌రే చూచి వైద్యుడు చెప్పిన పిమ్మటనే నీళ్లబిందె ఎత్తవలెను.