గండదీపం నుంచి కోటిలింగాల దాకా

ధర్మపురికి పోతే యమపురి ఉండదని జగిత్యాల వైపు పెద్దలంటారు. కోరుట్ల నుంచో, సిరిసిల్ల నుంచో వచ్చినవాళ్ళు ముందు గోదావరిలో మునుగుతారు; తడి జుట్టుతోనే నరసింహస్వామి దర్శనానికి పోతారు. అక్కడే యముడికీ గుడి ఉంది. గండదీపంలో నూనె పోసి, తమవాళ్ళను చల్లగా చూడమని మొక్కుతారు. చావును ఇంత చనువుగా పలకరించే ఊళ్ళు ఎన్నుంటాయి?

నరసింహ శతకం రాసిన శేషప్ప కవిదీ ఈ ఊరే.

అయితే చాలామంది ఇక్కడినుంచే వెనుదిరుగుతారు. అది పెద్ద లోటు. ఇంకాస్త దిగువన, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల ఉంది. తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికిన నేల అది. రెండువేల ఏళ్ళ నాటి కోట ఇప్పుడు మట్టిదిబ్బ. దాని అంచుల దాకా ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు. అక్కడి గుడి మెట్ల మీద నిలబడితే, ఆ నీటి మీద పడవ తెడ్డు చప్పుడు వినిపిస్తుంది.