పాసున్నోడు యాడికి పోతడు?

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పొద్దున ఏడింటికి నిలబడితే రెండు రకాల ప్రయాణికులు కనిపిస్తారు. విజయవాడ దారి అంచున, కాళ్ల దగ్గర బ్యాగులు పెట్టుకుని నిలబడ్డవాళ్లు ఒక రకం. వాళ్ల కోసం ఆర్టీసీ బస్సు ఆగుతుంది, ప్రైవేటు ట్రావెల్స్ బస్సు ఆగుతుంది, కార్లవాళ్లు కూడా అద్దం దించి "సూర్యాపేటా? విజయవాడా?" అని కేకేస్తారు. దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లడానికి నిలబడ్డవాళ్లు రెండో రకం. మెడలో ఐడీ కార్డు, సంచిలో టిఫిన్ డబ్బా, జేబులో నెల పాసు. వీళ్లను ఎవరూ కేకేసి పిలవరు. పిలవకపోయినా వస్తారని అందరికీ తెలుసు.

2025 మే నెలలో తెలంగాణ ఆర్టీసీ హైదరాబాద్–విజయవాడ మార్గంలో రాయితీలు ప్రకటించింది. గరుడ ప్లస్ బస్సుల్లో 30 శాతం, ఈ-గరుడలో 26, సూపర్ లగ్జరీలో 20, రాజధానిలో 16. మరుసటి నెల, అంటే జూన్‌లో, అదే సంస్థ నగరంలో బస్ పాసుల ధర పెంచింది. ఆర్డినరీ పాసు 1,150 రూపాయల నుంచి 1,400 అయింది. మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుంచి 1,600కి, మెట్రో డీలక్స్ పాసు 1,450 నుంచి 1,800కి చేరాయి. లెక్కేస్తే మూడింట్లోనూ పెరుగుదల 20 శాతానికి పైనే. విద్యార్థుల పాసుల ధరలూ పెరిగాయి. ఈ రెండు ప్రకటనల ప్రభావమూ ఈ చౌరస్తాలో కనిపించింది. ఏడాదికి ఒకసారి విజయవాడ వెళ్లేవాడికి తగ్గింపు దొరికింది, రోజూ కోఠీ వెళ్లేవాడి మీద భారం పడింది. ఈ తేడా నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. ఒకరోజు మియాపూర్‌లో అక్కావాళ్లింటికి వెళ్లాల్సి వచ్చింది. మెట్రోలో వెళ్లి బస్సులో రావాలనీ, దారిలో రోజూ తిరిగేవాళ్లను పలకరించాలనీ అనుకుని బయల్దేరాను.

ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి ప్లాట్‌ఫాం మీద నిలబడితే చౌరస్తా అంతా కిందికి పరుచుకుని ఉంటుంది. ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు, వాటి మధ్య శ్రీకాంతాచారి విగ్రహం. ఇక్కడే 2009 నవంబరు 29న ఆ కుర్రాడు తెలంగాణ కోసం ఒంటికి నిప్పంటించుకున్నాడు. అటు చూసినప్పుడల్లా ఒక్క క్షణం మాట ఆగిపోతుంది నాకు.

ఈ స్టేషన్‌లో రైలు ఎక్కేవాడికి ఒక అదృష్టం ఉంది, సీటు దొరుకుతుంది. ఇది ఎర్ర లైనుకు మొదటి స్టేషన్. ఇక్కడి నుంచి మియాపూర్ దాకా 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. మొదట 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా నడిపారు. మా వైపు రైలు వచ్చింది 2018 సెప్టెంబరు 24న. అంతకుముందు ఎల్‌బీ నగర్ నుంచి మియాపూర్ పోవడమంటే పూట గడిచిపోయేది. ఇప్పుడు గంటలోపే దిగిపోతాం. మెట్రో మా బతుకుల్ని మార్చింది, అందులో సందేహం లేదు. అందుకే దానిమీద మాకు అంత పట్టింపు.

విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాటాక కొత్తపేట కనిపిస్తుంది. ఒకప్పుడు ఇటు వస్తుంటే వేసవిలో మామిడికాయల వాసన రోడ్డు దాకా కొట్టేది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారం తరలించాక ఆ వాసన కూడా హైవే పట్టింది. చైతన్యపురిలో కోచింగ్ పిల్లలు ఎక్కారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకా చాలామంది. నా పక్కన నిలబడ్డ కుర్రాడు నల్గొండ జిల్లావాడు, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నాడట. కార్డు మీద వెళ్తున్నావా, క్యూఆర్ టికెట్ మీదా అని అడిగాను.

"కార్డే సార్. లైను తప్పుతది. తగ్గింపు కోసమైతే కాదు" అన్నాడు.

తగ్గింపు కథ చెప్పుకోవాల్సిందే. మొదట్లో స్మార్ట్ కార్డు వాడితే ఏ వేళ ఎక్కినా చార్జీలో 10 శాతం తగ్గేది. 2023 ఏప్రిల్ 1 నుంచి దాన్ని రద్దీ లేని వేళలకే పరిమితం చేశారు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు. ఆఫీసుకు పోయేవాడు తొమ్మిదింటికి ఎక్కుతాడు, ఆరింటికి తిరుగుతాడు. రోజూ వచ్చేవాడికి వర్తించకుండా, ఎప్పుడో వచ్చేవాడికి మాత్రం వర్తించేలా గడియారం ముల్లు తిప్పారు. సెలవుల కార్డు సంగతీ అంతే. 2022 ఉగాదికి 59 రూపాయలతో సెలవు రోజున రోజంతా ఎంత తిరిగినా సరే అన్నారు. పిల్లల్ని వెంటేసుకుని దిల్‌సుఖ్‌నగర్ కుటుంబాలు కుటుంబాలే హైటెక్ సిటీ దాకా షికారు వెళ్లొచ్చాయి. ఏడాది తిరిగేసరికి అది 99 అయింది. 2025 మే 17న అసలు చార్జీలే పెరిగాయి. కనీస చార్జీ 10 నుంచి 12కు, గరిష్ఠ చార్జీ 60 నుంచి 75కు. జనం గగ్గోలు పెట్టాక వారం తిరక్కుండానే 24వ తేదీ నుంచి 10 శాతం తగ్గించారు. అలా ఎల్‌బీ నగర్ నుంచి మియాపూర్‌కు 69 రూపాయలైంది.

మెట్రోకు నష్టాలున్నాయి, నిజం. వేల కోట్ల నష్టాలు మోయలేకే మెట్రోను కట్టి నడిపిన ఎల్ అండ్ టీ తప్పుకుంటానంది. 2025 సెప్టెంబరులో ప్రభుత్వం సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా తీసుకోవడానికి ఒప్పుకుంది. విశ్రాంత న్యాయమూర్తి గుడిసేవ శ్యామ్‌ప్రసాద్ అధ్యక్షతన కమిటీ కూర్చుని సిఫారసు చేసిన మీదటే చార్జీలు పెరిగాయి. చార్జీ పెంచడాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ రాయితీని 'ఆఫర్' అని పేరు పెట్టి, దానికి గడువు తగిలించి, గడువు దగ్గరపడ్డప్పుడల్లా ఉంటుందో ఊడుతుందోనని ప్రయాణికుణ్ణి పేపరు వెతుక్కునేలా చేయడం మాత్రం అర్థం కాదు. రోజూ ప్రయాణించేవాడికి కావాల్సింది పండగ ఆఫర్ కాదు, నెల జీతంలో లెక్క వేసుకోగల ఒక మాట.

మలక్‌పేట దాటి మూసీ మీదుగా రైలు ఎంజీబీఎస్ చేరింది. సగం మంది దిగారు, అంతకు రెట్టింపు ఎక్కారు. వయసు మళ్లిన దంపతులు ఎక్కితే కుర్రాళ్లు లేచి సీట్లిచ్చారు. నాంపల్లి స్టేషన్‌లో రిజర్వేషన్ చేయించుకోవడానికి వెళ్తున్నారట, గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి విశాఖపట్నం. ఫోన్‌లో చేసుకోవచ్చుగా అంటే ఆయన నవ్వి, "కౌంటర్లో అయితే కింది బెర్తు కావాలని నోటితో అడగొచ్చు బాబూ" అన్నారు.

ఆవిడ అందుకున్నారు. "ఇదివరకు నాకు సగం టికెట్టే. ఈయనకి నలభై శాతం తగ్గేది. కరోనా అని ఆపేశారు. కరోనా పోయింది, అది మాత్రం రాలేదు."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. 58 ఏళ్లు నిండిన స్త్రీలకు 50 శాతం, 60 నిండిన పురుషులకు 40 శాతం ఉన్న రైల్వే రాయితీని 2020 మార్చి 20 నుంచి నిలిపేశారు. పెద్దవాళ్లు అనవసరంగా ప్రయాణాలు చేయకూడదన్నది అప్పటి కారణం. రైళ్లన్నీ తిరిగి పట్టాలెక్కాయి. కనీసం స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ ఇవ్వండని పార్లమెంటు స్థాయీ సంఘమే సిఫారసు చేసింది. ప్రతి ప్రయాణికుడికీ ఇప్పటికే సగటున 46 శాతం రాయితీ ఇస్తున్నాం, 100 రూపాయల ఖర్చయ్యే ప్రయాణానికి 54 రూపాయలే తీసుకుంటున్నాం అన్నది రైల్వే మంత్రి జవాబు. అది అందరికీ వర్తించే లెక్క. నలభై ఏళ్లు రైలెక్కిన మనిషికి ఒంట్లో ఓపిక తగ్గాక దొరికే ఆసరా ఆ లెక్కలో ఎక్కడుంది? ఆ దంపతులు కొడుకు దగ్గరికి ఏడాదికి రెండుసార్లు వెళ్లేవారట, ఇప్పుడు ఒకసారికి కుదించుకున్నారు. నాంపల్లిలో దిగుతూ ఆవిడ నా భుజం తట్టి వెళ్లారు.

లక్డీకాపూల్, ఖైరతాబాద్, పంజాగుట్ట. అమీర్‌పేటలో రైలు దాదాపు ఖాళీ అయింది. కూకట్‌పల్లి మీదుగా మియాపూర్ చేరేసరికి ఎండ ముదిరింది.

అక్కావాళ్లింట్లో భోజనాలయ్యాక డల్లాస్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. అక్కడ తెలుగువాళ్లు సెలవులకు ఓడ విహారాలకు వెళ్లడం మామూలైపోయింది. వీడూ ఏటా భార్యాపిల్లలతో వెళ్తాడు. నేను బస్ పాసు సంగతి ఎత్తితే వాడు ఓడ సంగతి చెప్పాడు. కార్నివాల్ అనే పెద్ద ఓడల కంపెనీలో ఇన్నాళ్లూ పాత ప్రయాణికులకు ఓడలో ఎన్ని రోజులు గడిపితే అంత హోదా. ఒకసారి వచ్చిందంటే జీవితాంతం ఉండేది. 2025లో ఆ కంపెనీ పద్ధతి మారుస్తామని ప్రకటించింది. ఇక మీదట రోజుల లెక్క కాదు, పెట్టిన ఖర్చు లెక్క, పైగా హోదాకు కాలపరిమితి. ఏళ్లతరబడి అవే ఓడలెక్కిన పెద్దవాళ్లు బాగా నొచ్చుకున్నారట. విమానాల్లోనూ ఇదే జరిగింది. 2023లో డెల్టా ఎయిర్‌లైన్స్ ఖర్చునే కొలమానం చేసి నిబంధనలు బిగిస్తే జనం తిరగబడ్డారు. కంపెనీ అధిపతి ఎడ్ బాస్టియన్ హద్దు దాటామని ఒప్పుకుని కొన్నింటిని సడలించాడు.

"వాళ్లు తిరగబడితే సడలించారు మామయ్యా. వాళ్లకి ఇంకో ఎయిర్‌లైన్స్ ఉంది మరి" అన్నాడు మేనల్లుడు.

ఆ మాట పట్టుకునే బస్సెక్కాను. ఓడెక్కేవాడు విహారానికి వెళ్తాడు, మానుకోగలడు. కోఠీలో కొట్లో పద్దులు రాసేవాడు మానుకోలేడు.

మియాపూర్ నుంచి 218 నంబరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పైన మెట్రోలో గాజు వెనక నిశ్శబ్దంగా జారిపోయిన ఊరే కింద బస్సులో హారన్లతో, దుమ్ముతో, మూసాపేట దగ్గర వేడివేడి పల్లీల వాసనతో ఎదురొచ్చింది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలయ్యాక సిటీ బస్సుల్లో ఆడవాళ్లు నిండుగా కనిపిస్తున్నారు. ఇళ్లల్లో పనిచేసుకునే వాళ్లు, కాలేజీ అమ్మాయిలు, ఆస్పత్రికి పోయే ముసలమ్మలు. ఆ దృశ్యం నాకు ఇష్టం. ఎవరి ఉచిత ప్రయాణం మీదా నాకు ఫిర్యాదు లేదు. మిగిలినవాళ్లకు ఉన్నది ఎందుకు ఊడబెరకాలన్నదే నా ప్రశ్న.

నాకు అన్నిటికంటే బాధ టీ-6 టికెట్ గురించి. 2023 మార్చిలో వచ్చింది. మహిళలకూ అరవై దాటినవాళ్లకూ 50 రూపాయలిస్తే పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా సిటీ బస్సుల్లో ఎంతైనా తిరగనిచ్చేవారు. ఆఫీసు వేళలు కాదు గనుక బస్సుల్లో సీట్లు ఖాళీగా ఉండేవి. కొత్తపేటలో రిటైరైన మిత్రులం కొందరం జట్టుగా వెళ్లేవాళ్లం. ఒకరోజు గోల్కొండ, ఒకరోజు పబ్లిక్ గార్డెన్స్, ఇంకోరోజు కోఠీలో పాత పుస్తకాలు. మాలో ఒకాయన భార్య పోయాక గది దాటి బయటికి వచ్చేవాడు కాదు. ఆ టికెట్ ఆయన్ని ఇంట్లోంచి కదిలించింది. దాంతోపాటే నలుగురి కుటుంబానికి 300 రూపాయల ఫ్యామిలీ-24 టికెట్ వచ్చింది. రెండూ ఏడాది కూడా నిలవలేదు. 2024 జనవరి 1 నుంచి ఉపసంహరించారు.

ఎర్రగడ్డ దగ్గర బస్సు కాస్త ఖాళీ అయినప్పుడు ఆ టికెట్ల గురించి కండక్టరమ్మను అడిగాను.

"ఆధార్ చూడాలె, వయసు చూడాలె, టైం రాయాలె. ఇటు చూస్తే బస్సు నిండ జనం. మాతోని అయితదా సార్?" అంది.

ఆమె చెప్పిందీ సబబే. టికెట్లు రద్దు చేసినప్పుడు సంస్థ చెప్పిన కారణమూ అదే. రద్దీ పెరిగింది, గుర్తింపు కార్డులు చూసి ఆ టికెట్లు కొట్టేసరికి ప్రయాణం ఆలస్యమవుతోందని. మరి ఆ పని కండక్టర్ నెత్తినే ఎందుకుండాలి? వయసు ఒక్కసారి చూసి కార్డిచ్చే కౌంటర్లు లేవా? నెల పాసులు అలాగే ఇస్తున్నారు కదా.

కోఠీలో దిగి దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయే ఇంకో బస్సెక్కాను. పక్కన కూర్చున్నాయన బేగంబజార్‌లో గుమస్తా, హయత్‌నగర్ అవతల ఉంటాడు. జేబులోంచి పాసు తీసి కండక్టర్‌కు చూపించి మళ్లీ పదిలంగా పెట్టుకున్నాడు. 2025 అక్టోబరు 6న సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల టికెట్ మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెరిగింది కదా, పాసు ఉండటం నయమేనేమో అన్నాను.

"నయమే. కాని విజయవాడ బస్సుకేమో తగ్గించిరి, మాకేమో పెంచిరి. ఎందుకో తెలుసా సార్? ఆడ ట్రావెల్సోడు ఉన్నడు. ఈడ ఎవడున్నడు? పాసున్నోడు యాడికి పోతడు?"

పొద్దున్నుంచి నేను వెతుకుతున్న మాట ఆయన నోట వచ్చింది. పోటీ ఉన్నచోట ప్రయాణికుడికి విలువ, పోటీ లేనిచోట అతని నమ్మకమే అతనికి శిక్ష. ప్రైవేటు కంపెనీ ఈ లెక్క వేసుకుంటే వేసుకోనీ. మా పన్నులతో నిలబడి, మేమే ఎక్కి నిలబెట్టుకుంటున్న ప్రజల బస్సు ఆ లెక్క వేయకూడదు. పాసు తీసుకున్నవాడు నెల డబ్బు ముందే కట్టేస్తున్నాడు. బస్సు ఆలస్యమైనా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. సంస్థకు అంతకంటే నికరమైన రాబడి ఏముంది?

ఏం చేద్దామంటారు అని అడిగాను. ముందు సీట్లో ఉన్న డిగ్రీ కుర్రాడు ఇటు తిరిగి, డిపోల్లో 'డయల్ యువర్ డీఎం' పెడతారనీ, ఆ గంటలో ఫోన్ చేస్తే డిపో మేనేజరే మాట్లాడతారనీ చెప్పాడు. చాదర్‌ఘాట్ నుంచి మలక్‌పేట దాకా ట్రాఫిక్‌లో బస్సు నత్తనడక నడుస్తుంటే ముగ్గురం కలిసి అడగాల్సినవి రాశాం. వరుసగా పన్నెండు నెలలు పాసు కొన్నవాడికి పదమూడో నెల సగం ధరకే ఇవ్వాలని గుమస్తా రాయించాడు. విద్యార్థి పాసు పెంపు తగ్గించాలని కుర్రాడు కలిపాడు. అరవై దాటినవాళ్లకు టీ-6ను నెల కార్డుగా తిరిగి తేవాలని నేను రాశాను.

"మీదే ముందు పెట్టండి సార్, ముసలోళ్ల మాటైతే వింటరు" అన్నాడు గుమస్తా. కాగితం ఫొటో తీసుకుని ముగ్గురం నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. ఈసారి డీఎం ఫోన్‌లో దొరికే రోజున ముగ్గురం వేర్వేరుగా, ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేయాలని నిర్ణయించుకున్నాం.